చక్రమును పట్టియుంచు చీల
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో మాటలాడుమని నన్ను పిలిచినవారు, నేను భారతమును గూర్చియో ప్రబంధములను గూర్చియో ముచ్చటింతునని తలంచి యుందురు. ఊరి లెక్కలు వ్రాసి బ్రదుకు నాకు గురువునొద్ద కూర్చుండి కావ్యములు చదువు భాగ్యము కలుగలేదు. ఈ బీరువాలలోని పుస్తకములే గురువులు, నిఘంటువే తోడు. ఆ ఋణము తీర్చుకొనుటకు నాలుగు పద్యములు చదివి కూర్చుండుట సులభమే. కాని నేడు పాత కారు చక్రమునకుండు మరచీలలను గూర్చి, అవి చెడినప్పుడు మార్చవలసిన విధమును గూర్చి మనవి చేయదలచితిని. సాహిత్యసభలో ఇనుప సామాను ఏమిటని కొందరు నవ్వవచ్చును. నవ్విన పిదప కొంచెము వినుడని ప్రార్థన.

మొదట మాటలను చూతము. అమరకోశము చదివినవారికి తెలిసిన సంగతియే: ద్వితీయకాండములోని క్షత్రియవర్గమున రథాంగముల పేర్లు వరుసగా వచ్చును. చక్రపు అంచునకు నేమి, ప్రధి యని పేర్లు. నడిమి భాగమునకు నాభి, పిండిక యని పేర్లు. ఇరుసు కొనయందు చక్రము జారిపోకుండ గ్రుచ్చు చీలకు అణి యని పేరు. మన పల్లెలలో దానినే కడచీల యందురు. ఆయుధముల పేర్లు కూర్చిన పండితుడు బొటనవ్రేలంత చీలను మాత్రము విడువలేదు. అది లేనిదే రథము లేదని ఆయనకు తెలియును.

ఈ చీలను గూర్చి మన పల్లెలలో ఒక కథ కలదు. దశరథుడు యుద్ధము చేయుచుండగా రథపు చీల ఊడిపోయెననియు, ప్రక్కనున్న కైక తన వ్రేలిని ఆ రంధ్రమున నుంచి చక్రమును నిలిపెననియు, అందువలననే రెండు వరములు పొందెననియు కథ చెప్పువారు చెప్పుదురు. వాల్మీకి రామాయణమున ఈ వ్రేలి కథ లేదు. అక్కడ గాయపడి స్పృహ తప్పిన దశరథుని కైక యుద్ధభూమినుండి తప్పించి కాపాడినదని మాత్రమే మంథర చెప్పును. ఆదికవి చెప్పని దానిని జనులేల కల్పించుకొనిరి? బండి తోలిన జాతికి చీల విలువ తెలియును గనుక. ఒక రాజు ప్రాణము నిలుచుటకును, ఒక రాజ్యపు కథ మలుపు తిరుగుటకును వారికి చీలకంటె తగిన వస్తువు కనబడలేదు.

దీని ప్రక్కన మరియొక చక్రమును తలంచుకొందము. భారతమున కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగినది. దానికి శాపము కారణమని కవులు చెప్పిరి. శాపమునకు పానా లేదు, సుత్తె లేదు. అయితే నేడు రోడ్డుమీద చక్రమూడి బండి బోల్తాపడినప్పుడు, మనము దానినికూడ కర్ణుని ఖాతాలోనే వ్రాయుచున్నాము. "వ్రాత అట్లున్నది" అనుచున్నాము. అది వ్రాత కాదు. అది ఎవరును చూడని లెక్క. కైక కథలోని చక్రమును మనుష్యుని చేయి నిలుపగలదు. కర్ణుని చక్రమును నిలుపలేదు. మన కార్ల చక్రములు ఎల్లప్పుడును మొదటి జాతివే. నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క మాటయే. మిగిలినది దానికి వివరణము.

ఈ సంగతి మనకెందుకని యడుగవచ్చును. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిన నాటికి మన ప్రాంతపు పల్లెలకు ఎద్దుల బండియే గతి. నేడట్లు కాదు. నకిరేకల్లు హైదరాబాదు-విజయవాడ రాజమార్గముపై నున్నది. ఆ మార్గము పూర్వము 9వ సంఖ్య జాతీయ రహదారి. 2010లో సంఖ్యలు మార్చినప్పుడు 65 అయినది. తరువాత నాలుగు వరుసల రోడ్డయినది. బండ్ల వేగము పెరిగినది. కాని మన ఊళ్ళకు వచ్చు కార్లన్నియు కొత్తవి కావు. పట్టణమున ఒకరు పదేండ్లు వాడి అమ్మినది మనకు మొదటి కారగును. 1957లో ఉత్తరపారాలో తయారగుట మొదలిడిన అంబాసడరు నిర్మాణము 2014లో ఆగిపోయినది. 1983లో వచ్చిన మారుతి 800 నిర్మాణమును 2014లోనే ముగిసినది. నిర్మాణములు నిలిచినను బండ్లు నిలువలేదు. ఆసుపత్రికి, పెండ్లికి, మార్కెటు యార్డునకు పోవుచునే యున్నవి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. బండి యోగ్యముగా నున్నదని తనిఖీ యయిన పిదప అయిదేండ్ల చొప్పున పొడిగింతురు. తనిఖీ అయిదేండ్లకొకనాడు. చక్రము తిరుగుట ప్రతిదినము. ఈ నడిమి దినముల లెక్క యజమానిదే.

ఇక చీల పనిచేయు తీరును చూతము. ఎద్దుబండి కడచీల చేయు పని యొక్కటే: చక్రము బయటికి జారకుండ అడ్డము నిలుచుట. కారు మరచీల యట్లు కాదు. మెకానిక్కులు దీనిని స్టడ్డు అందురు. హబ్బు అను నాభిలోనికి వెనుక వైపునుండి దిగగొట్టిన నాలుగో అయిదో స్టడ్డులు బయటికి పొడుచుకొని యుండును. వానిపై చక్రమును తగిలించి నట్లు బిగింతురు. జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ వంటి కొన్ని బండ్లలో పొడుచుకొని యుండు స్టడ్డు లేదు. బోల్టునే చక్రముగుండ హబ్బులోనికి త్రిప్పి బిగింతురు. రెండింటి ధర్మమొక్కటే. చాలమంది బండి బరువునంతయు ఈ చీలలు కొక్కెములవలె మోయుచున్నవని యనుకొందురు. నిజమట్లు కాదు. చీల చక్రమును హబ్బునకు గట్టిగా అదిమి పట్టును. ఆ రెండు ఇనుప ముఖముల నడుమ రాపిడియే బరువును, బ్రేకు తాకిడిని మోయును.

దీనిని మన కమ్మరి కొలిమియొద్ద చూచినవారు సులభముగా గ్రహింతురు. కఱ్ఱచక్రమునకు ఇనుప పట్టా యెక్కించునప్పుడు, పట్టాను చక్రపు చుట్టుకొలతకంటె కొంచెము చిన్నదిగా చేయుదురు. పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చినప్పుడు అది సాగును. సాగిన పట్టాను చక్రముపై తొడిగి నీళ్ళు పోయగానే అది ముడుచుకొని, కఱ్ఱలన్నింటిని ఒక్కటిగా నొక్కి పట్టుకొనును. మేకు లేదు, జిగురు లేదు. ముడుచుకొనవలెనను పట్టా తాపత్రయమే చక్రమును కట్టి యుంచుచున్నది. కారు స్టడ్డును అట్టిదే. నట్టు త్రిప్పుకొలది ఉక్కు చీల కంటికి కనబడనంతగా సాగును. సాగినది ముడుచుకొనజూచును. ఆ ముడుచుకొను బలమే చక్రమును పట్టియుంచును. నట్టు వదులైనచో చీల సాగదు, సాగనిచో పట్టదు. పట్టని చక్రము చీలలపై అటునిటు కదలును. ఇనుప తీగను అటునిటు వంచినచో కొంతసేపటికి తెగునట్లు, ఆ చీలయు తెగును.

నా వృత్తి లెక్కలు గనుక ఒక లెక్క చెప్పి ముందుకు పోయెదను. చాల చిన్న కార్లకు నట్టు బిగించు బలము 6 నుండి 11 కిలోగ్రాము-మీటర్ల నడుమ నుండును. అనగా, ఒక మీటరు పొడవుగల పానా కొనయందు అన్ని కిలోల బరువు తూగినట్లు. సరియైన సంఖ్య ఆ బండితో వచ్చిన పుస్తకమున నుండును. దానినే ప్రమాణముగా గొనవలెను. 8 అనుకొందము. మనము త్రిప్పు బలములో పదింట సుమారు తొమ్మిది పాళ్ళు రాపిడికే ఖర్చగును. మిగిలిన పాలే చీలను సాగదీయును. అయినను 12 మిల్లీమీటర్ల చీలలో ఆ కొంచెమే సుమారు 3 టన్నుల పట్టు నిచ్చును. నాలుగు చీలలకు 12 టన్నులు దాటును. మారుతి 800 బండి మొత్తము బరువు 650 కిలోల ప్రాంతము. టన్నులో మూడింట రెండు పాళ్ళకు మించని బండికి ఒక్కొక్క చక్రమున 12 టన్నుల పట్టు! తయారుచేసినవారు చీలలకు ఎంత నిల్వ ధనమిచ్చిరో చూడుడు. ఇంత నిల్వ యుండగా చీల విరిగినదనగా, ఒక్కనాటి ఖర్చుతో విరుగలేదని యర్థము.

మరి ఎట్లు విరుగును? మొదటి కారణము అతి బిగింపు. రోడ్డు ప్రక్కన పానా కొనకు గొట్టము తొడిగి దానిపై నిలుచుండు వారిని మనమందరము చూచితిమి. 60 కిలోల మనుష్యుడు 60 సెంటీమీటర్ల గొట్టము కొనపై నిలిచినచో 36 కిలోగ్రాము-మీటర్లగును. పై లెక్క ప్రకారము చీలపై పడు లాగుడు 15 టన్నులు. మంచి ఉక్కుతో చేసిన 12 మిల్లీమీటర్ల సన్నమర చీల 9 టన్నులు దాటి కొంచెము దూరము కూడ ఓర్చలేదు. కొన్ని అక్కడనే విరుగును. కొన్ని విరుగక, సాగి, మరల ముడుచుకొను శక్తిని కోల్పోవును. ఇవియే ప్రమాదకరములు. విరిగినది తన సంగతి తాను చెప్పును, సాగినది చెప్పదు.

రెండవ కారణము వదులు బిగింపు. దానిని చెప్పియుంటిని. తుప్పు, మట్టి, రంగు పెచ్చులు చక్రమునకును హబ్బునకును నడుమ చిక్కుకొని యున్నచో, బిగించిననాడు గట్టిగానే తోచును. నాలుగు మైళ్ళు పోగానే ఆ పెచ్చులు నలిగి పొడియై, ఆ మేరకు నట్టు వదులగును.

మూడవది నూనె. నట్టు సులభముగా తిరుగునని మరకు నూనెయో గ్రీజో పూయుట ఒక అలవాటు. రాపిడికి పోవలసిన పాలు తగ్గి, అదే త్రిప్పుడునకు చీల అధికముగా సాగును. లెక్క తప్పును. బండి పుస్తకమున ప్రత్యేకముగా చెప్పిననే తప్ప మరలు పొడిగా, శుభ్రముగా నుండవలెను.

నాలుగవది, అన్నింటికంటె మోసకరమైనది, జాతి కలియని నట్టు. మారుతి 800 చీల 12 మిల్లీమీటర్ల లావు. మరకు మరకు నడుమ ఎడము 1.25 మిల్లీమీటర్లు. హ్యుండై వంటి వారి కార్లలో లావదే, ఎడము 1.5. ఈ నట్టును ఆ చీలపై నెక్కించినచో రెండు చుట్లు పోయి బిగుసుకొనును. తెలియనివాడు బలము చేయును, మర చెడును. మన మెకానిక్కులు చూడీ పోయినదందురు. ఇంతకంటె వంచన గలది మరియొకటి కలదు. 1948లో అమెరికా, బ్రిటను, కెనడా దేశములు ఏకీకృతముగా ఒప్పుకొన్న అంగుళపు మరలలో, అర అంగుళపు సన్నమర చీలకు అంగుళమునకు 20 చుట్లు. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు గనుక, 20తో భాగించిన 1.27 వచ్చును. 1.25కును 1.27కును భేదమెంత? చేతికి తెలియదు. కాని అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లు. ఆ నట్టు 12 మిల్లీమీటర్ల చీలపై ఎంతో హాయిగా తిరుగును. మరల కొనలను మాత్రము పట్టుకొనును. ఒక నట్టు బిగుతుతో మోసగించును. ఒకటి సుఖముతో మోసగించును. పాత ఇనుప డబ్బాలో దొరకిన నట్టును తొడుగుటకు ముందు ఈ రెండింటిని తలంచుకొనవలెను. నట్టు అడుగు భాగపు ఆకారమును చూడవలెను. కొన్ని చక్రములకు గరాటువలె ఏటవాలుగా నున్నవి, కొన్నింటికి గోళమువలె గుండ్రనివి, కొన్నింటికి చదునైనవి. ఒకదాని చోట ఒకటి కూర్చుండదు.

ఇది పుస్తకముల మాట కాదని తెలియుటకు మా యింట జరిగినది చెప్పెదను. మా అన్నగారి కుమారుని మారుతి బండికి వెనుక చక్రము పంక్చరయినది. రోడ్డు ప్రక్కనున్న ఒక దుకాణమున బాగుచేయించెను. ఆ దుకాణపు పేరు అనవసరము. అక్కడ ఒక నట్టు పోయినది. డబ్బాలోనుండి తీసి మరియొకటి బిగించిరి. వారము తరువాత మా వదినెగారిని చూపించుటకు సూర్యాపేట ఆసుపత్రికి పోవుచుండగా, కొర్లపహాడు టోల్‌గేటు ఇంకను రాకమునుపే వెనుకనుండి టకటకమను చప్పుడు వచ్చినది. వదినెగారు, "ఏందిరా బిడ్డా, ఎడ్లబండి మోతలెక్క మోగుతున్నది?" అనిరట. పిల్లవాడు బండిని ఎడమ అంచునకు తీసి నిలిపి దిగి చూచెను. నాలుగింట ఒక చీల విరిగియున్నది. రెండు నట్లు చేతితో తిరుగుచున్నవి. నాలుగవ నట్టు, డబ్బాలోనుండి తీసినది, కదలక మెదలక బిగుసుకొనియున్నది. కాని అది చక్రమును తాకుటయే లేదు. మర తప్పి మధ్యలో చిక్కుకొని, బిగిసినట్లు నటించుచు నిలిచినది. చక్రము ఊడలేదు. తల్లియు కొడుకును క్షేమము. ఇంకెన్ని మైళ్ళు నిలిచియుండెడిదో లెక్క కట్టు సాహసము నాకు లేదు.

అక్కడికి మెకానిక్కును పిలిపించిరి. ఆయన విరిగిన చీల ముక్కను అరచేతిలో పెట్టి చూపించెను. విరిగిన ముఖమున సగముకంటె ఎక్కువ భాగము నున్నగా, చెరువు ఎండినప్పుడు ఒడ్డున మిగులు నీటి గీతలవలె గీతలు గీతలుగా నుండెను. మిగిలిన భాగము గరుకుగా, పగిలిన బెల్లపు ముక్కవలె మెరయుచుండెను. నున్నని భాగము దినదినము కొంచెము కొంచెముగా చీలిన భాగమట; గరుకు భాగము తుదిక్షణమున ఒక్కసారిగా తెగినదట. లెక్కలు వ్రాయువానికి అంతకంటె స్పష్టమైన చిట్టా ఎక్కడ దొరకును? ఆ ఉక్కు తన బాకీని గీత గీతగా వ్రాసి పెట్టినది. చదువువారు లేకపోయిరి.

చదువుట ఎట్లు? ఇది యజమాని పని. మెకానిక్కు పని కాదు. నట్టు చుట్టును తుప్పు రంగు నీటి చారలు వెలుపలికి పాకినచో అక్కడ కదలిక యున్నదని యర్థము. చక్రపు రంధ్రములు గుండ్రముగా గాక కోలగా అరిగినచో చీలలే గాక చక్రమును మార్చవలెను. నెమ్మదిగా పోవునప్పుడు టకటక చప్పుడు, స్టీరింగున కొత్త వణకు, చక్రము తీసి వేసిన తరువాత పుట్టిన ఏ తేడాయైనను బండిని నిలుపుటకు తగిన కారణములే. నట్టు చేతితో నాలుగైదు చుట్లు సులభముగా ఎక్కనిచో మర చెడినదని గ్రహింపవలెను.

ఇక మార్చు విధము. ఈ పని తెలిసిన చేతనే చేయింపవలెను. అయినను చేయించువానికి క్రమము తెలిసియుండుట మేలు. చదునైన గట్టి నేలపై బండిని నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, ఎత్తని చక్రములకు ముందును వెనుకను రాళ్ళు పెట్టవలెను. చక్రము నేలపై నుండగనే నట్లను కొంచెము వదులు చేయవలెను. ఎత్తిన పిదప చేసినచో బండి జాకీపైనుండి జారవచ్చును. జాకీతో ఎత్తినను, బండి క్రింద గట్టి స్టాండు పెట్టక చేయి దూర్చరాదు. వెనుక చక్రమైనచో డ్రమ్మును ఊడదీయవలెను. స్టడ్డు మెడకు చుట్టును సన్నని పండ్లుండును. అవి హబ్బు రంధ్రమున కొరికి పట్టుకొని యుండును. విరిగిన దానిని వెలుపలినుండి లోనికి దిగగొట్టి తీయుదురు. బేరింగున్న హబ్బుపై సుత్తెతో బాదరాదు. ప్రెస్సుపై పెట్టి నొక్కి తీయుట ఉత్తమము. క్రొత్త స్టడ్డును వెనుకనుండి పెట్టి, దాని పండ్లను పాత గాళ్ళలో సరిగా కూర్చి, ప్రెస్సుతో దింపవలెను. ప్రెస్సు లేనిచోట కొన్ని మందపు వాషర్లు వేసి, ఒక పాత నట్టుతో నెమ్మదిగా లాగుదురు. తల హబ్బునకు పూర్తిగా ఆనినదాక విడువరాదు. సగము దిగిన స్టడ్డు తరువాత రోడ్డుమీద మిగిలిన సగము దిగును. అప్పుడు నట్టు వదులగును. దింపుటకు వాడిన నట్టును మరల చక్రమునకు వాడరాదు.

పిదప హబ్బు ముఖమును, చక్రపు ముఖమును ఇనుప కుంచెతో తోమి శుభ్రపరుపవలెను. నట్లను మొదట వ్రేళ్ళతోనే ఎక్కింపవలెను. బిగించునప్పుడు ప్రక్క ప్రక్కగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. చక్రమును నేలకు దించి, కొలతగల పానాతో తుది బిగింపు చేయవలెను. 50 నుండి 100 కిలోమీటర్లు పోయిన పిదప మరల ఒకసారి చూడవలెను. ఈ కడపటి మాటను అందరును విందురు, పాటించువారు అరుదు.

కొనునప్పుడు అంగడిలో జాగ్రత్త. బోరు మోటారుకు, నాగలికి వాడు సాధారణ బోల్టు చక్రమునకు పనికిరాదు. బోల్టు తలపై 8.8 అనియో, 10.9 అనియో సంఖ్య యుండును. దాని యర్థము కష్టము కాదు. 10.9 అనగా, మొదటి సంఖ్యను నూరుతో గుణింపగా 1000. చదరపు మిల్లీమీటరునకు 1000 న్యూటనుల లాగుడువరకు తెగదు. చుక్క తరువాతి 9 అనగా, అందులో పదింట తొమ్మిది పాళ్ళవరకు సాగినను తిరిగి యథాస్థితికి వచ్చును. చక్రపు చీలలు తరచుగా ఈ తరగతివి. విరిగిన చీలకు వెల్డింగు చేయించుట ఎన్నడును తగదు. ఉక్కునకు కొలిమిలో వచ్చిన పదును ఆ వేడిమికి పోవును.

మరియొక హెచ్చరిక మిక్కిలి పాత బండ్లు గలవారికి. బొంబాయిలో ప్రీమియరు సంస్థ అమెరికాలోని క్రైస్లరు వారితో ఒప్పందము చేసికొని కూర్చిన డాడ్జి, ప్లిమతు వంటి కార్లకు ఎడమ ప్రక్క చక్రములయందు మర ఎదురుగా నుండెడిది. తిరుగుడుకు నట్టు వదులు కాకూడదని ఆనాటి వారి యేర్పాటు. అట్టి నట్టును అందరివలె త్రిప్పినచో ఊడదు, ఇంకను బిగియును, బలము చేసినచో విరుగును. చీల కొనపై ఎల్ అను అక్షరమున్నదేమో చూచిన పిదపనే పానా పట్టవలెను.

ఒకటి విరిగినచో ఒకటే మార్చుదుమా, అన్నియు మార్చుదుమా? ఇచ్చట మన పొదుపు బుద్ధి తగవు పెట్టును. తప్పుడు నట్టెక్కించుటవలన ఒక్క చీల మర మాత్రము చెడి, చక్రము వదులు కాకయున్నచో ఆ ఒక్కటి మార్చిన చాలును. కాని చక్రము వదులై తిరిగి, అందువలన ఒకటి విరిగినదా, ఆ చక్రపు చీలలన్నియు మార్చవలెను. విరిగినదాని బరువును ప్రక్కవి మోసినవి. వానిలోను గీతలు మొదలై యుండును. ఉమ్మడి కుటుంబమున ఒక అన్నదమ్ముడు కూలినచో మిగిలినవారు నిలిచియున్నంత మాత్రమున వారి నడుములు బాగున్నవని చెప్పలేము. ఆ మెకానిక్కు మా బండికి నాలుగును మార్చెను. ఆ నాలిగింటి వెల ఆనాటి ఆసుపత్రి మందుల చీటీకంటె తక్కువ.

పెద్దలారా, ఇంత చెప్పుట గ్రంథాలయమున ఎందుకనగా, ఈ విద్య పుస్తకములలో నున్నది; మన చేతికి అందుటలేదు. బండితో వచ్చు పుస్తకము ఇంగ్లీషున నుండును. అది రెండవ యజమానికి చేరదు, మూడవవానికి అది యున్నదనియే తెలియదు. చేతిపని చేయు పిల్లవాడు చూచి నేర్చుకొనును. చూపినవాడు తప్పైనచో తప్పే నేర్చుకొనును. 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయమును స్థాపించిన షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు, 1922లో నీలగిరి పత్రికను నడిపినవారు, తెలుగు అక్షరము చదువుకొనుటకే తావు లేని రోజులలో మనకు పుస్తకమునిచ్చిరి. వారి వెనుక నడచు మనము, ఆ అక్షరమును పానా పట్టిన చేతివరకు కొనిపోవలెను.

కావున కార్యవర్గమునకు నావి రెండు మనవులు. మొదటిది: మన ప్రాంతమున నడచు కార్లు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళకు చక్రపు నట్టు బిగింపు బలము, చీల లావు, మర ఎడము వ్రాసిన ఒక పట్టికను తెలుగులో సిద్ధపరచి గోడకు తగిలింతము. వ్రాయు పని నాది. అంకెలను బండ్ల పుస్తకములతో సరిచూడవలసిన పని మన యూరి మెకానిక్కులది. రెండవది: బిగింపు బలమును కొలుచు టార్కు పానాను ఒకదానిని గ్రంథాలయము కొని, పుస్తకమునిచ్చినట్లే చీటీ వ్రాయించుకొని ఎరువిచ్చునట్లు చేయుదము. గ్రంథాలయమున పనిముట్లా యని ఆశ్చర్యపడకుడు. అమెరికాలోని బర్క్లీ పట్టణపు గ్రంథాలయము 1979 నుండి పనిముట్లను ఎరువిచ్చుచున్నది. పుస్తకమును చదివి తిరిగి ఇచ్చువాడు పానాను వాడి తిరిగి ఇయ్యలేడా?

ఒక పానాను ఏడాదికి ఎందరు తీసికొందురో నేను చెప్పలేను. రిజిస్టరులో ఒక్క పేరే పడినను, ఆ బండిలో కూర్చుండువారు ఒక్కరే కారు గదా. వెనుక సీటున తల్లి యుండును, ఒడిలో బిడ్డ యుండును. వారికి చీలల సంగతి తెలియనక్కరలేదు. తెలిసినవారొకరు ఊరిలో నుండవలెను. అట్టివారిని తయారుచేయుటకంటె గ్రంథాలయమునకు వేరే పండుగ లేదని నా నమ్మకము.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనుగాక.